కిలోకి అరవై తగ్గించమన్నాను, సముద్రంలోకి తీసుకెళ్లాడు

గొడవంతా వంజరంతో మొదలైంది. 2024 నవంబర్ ఆఖరి ఆదివారం మావాడు బండి మీద ఐస్ పెట్టెతో మా ఇంటికి వచ్చాడు. మేమిద్దరం నెల్లూరు వీఆర్ కాలేజీలో ఇంటర్ రెండేళ్లూ ఒకే బెంచీ. ఆ తర్వాత నేను ట్రంకు రోడ్డులో బైకు స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్నాను, వాడు మైపాడు పక్కన వాళ్ళ పాళెంలోనే ఉండి చేపల వేటకు పోతున్నాడు. మంచి చేప పడితే అప్పుడప్పుడు నాకు ఇచ్చి పోతుంటాడు. ఆ రోజు మూడు కిలోల వంజరం తెచ్చి కిలో 760 అన్నాడు. నేను అలవాటు కొద్దీ "ఏడొందలు చేసుకోరా" అన్నాను.

వాడేం మాట్లాడలేదు. చేపను మళ్ళీ పెట్టెలో పెట్టి, మూత వేసి, మూత మీద కూర్చున్నాడు.

"ఒక్క రాత్రి నాతో సముద్రానికి రా. వచ్చినాక నువ్వెంత చెప్తే అంతకిస్తా" అన్నాడు.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఆమె ముందు వెనక్కి తగ్గలేక "వస్తాలేరా, ఎప్పుడో చెప్పు" అనేశాను. ఆ ఎప్పుడో రావడానికి సరిగ్గా ఎనిమిది వారాలు పట్టింది. వచ్చినప్పటి నుంచి కొట్టుకొచ్చే ప్రతివాడూ "ఎట్టుండింది, నన్ను కూడా తీసుకుపోతారా, ఎంతవుద్ది" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఇది రాస్తున్నాను.

మొదట డిసెంబర్ 22 ఆదివారం అనుకున్నాం. నేను చాలా ఉత్సాహంగా ఉన్నాను. లైఫ్ జాకెట్ 1,150 పెట్టి కొన్నాను. చలికాలం రాగానే రోడ్డు పక్క టెంట్లు వేసుకుని స్వెట్టర్లు అమ్ముతారే, వాళ్ళ దగ్గర ముదురు నీలం ఉన్ని స్వెట్టరు ఒకటి, 450. మంకీ క్యాపు ఇంట్లో ఉంది. నెల్లూరులో చలి అంటే ఫ్యాను రెండు మీద పెట్టుకోవడమే కాబట్టి ఇంత సరంజామా చూసి మా అబ్బాయి నవ్వాడు. తీరా ఆ వారం బంగాళాఖాతంలో వాయుగుండం. వేటకు పోవద్దని హెచ్చరిక. పాళెంలో బోట్లన్నీ గట్టెక్కించి ఇసకలో పైకి లాగి పెట్టారు. నాకది ఒక ఆదివారం పోవడం. వాడికి ఎన్ని రోజుల కూలి పోయిందో నేను అడగలేదు, అడగాలని తోచలేదు కూడా.

రెండోసారి జనవరి 5. అప్పుడు ఇంజను. ఎవరో తెంపి పారేసిన వల ముక్క నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుని కడ్డీ వంగింది. జనవరి 3న మెకానిక్కు ఇచ్చారు. రెండ్రోజుల్లో ఇస్తానన్నాయన పదకొండు రోజులు ఉంచుకున్నాడు. నేనూ ఆ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి రెండ్రోజులంటే ఎన్నో నాకు తెలుసు, ఏమీ అనలేదు. రిపేరుకు 6,800 అయింది. ఇంజను వచ్చేసరికి సంక్రాంతి. పండగ మూడు రోజులూ ఎవరూ సముద్రం వైపు చూడలేదు.

జనవరి 18 శనివారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది.

"రాత్రి ఒకటిన్నరకి పాళెంలో ఉండు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, ఎవురన్నా అడిగితే చూపించాలి. రాత్రికి నూనె తగిలిందేదీ తినబాక."

ఈ ఆఖరి మాట నేను సరిగా వినలేదు. విన్నా పట్టించుకోలేదు. తొమ్మిదింటికి పరోటా, చికెన్ సేర్వా తిన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నా సొంత తప్పు అంటూ ఒకటి చెప్పమంటే అదే.

పన్నెండు ముప్పావుకి బయల్దేరాను. మైపాడు గేటు దగ్గర ఒక టీ తాగి, ఇందుకూరుపేట మీదుగా పోయాను. ఊళ్లు దాటగానే రోడ్డుకు ఒక పక్క కొత్తగా నాటిన వరి, ఇంకోపక్క రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. ఆ నీళ్ల మీద నుంచి వచ్చే గాలికి హ్యాండిల్ పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయాయి. సెల్లులో చూస్తే 20 డిగ్రీలు. ఇరవై అంటే ఢిల్లీ వాళ్ళు చొక్కా గుండీలు విప్పుకుంటారేమో, నాకు మాత్రం పళ్ళు కొట్టుకుంటున్నాయి. అప్పటికి నేనింకా పొడిగానే ఉన్నాను.

పాళెంలో రామాలయం దగ్గర మావాడు, వాళ్ళ మేనమామ కూర్చుని ఉన్నారు. మామకి అరవై దాటాయి. బోటు ఆయనది, వల ఆయనది. మామూలుగా నలుగురు పోతారు, ఆ రోజు పండగ బద్ధకం ఇంకా వదలక మిగతా ఇద్దరూ రాలేదు. అంటే నేను సరదాకి పోవడం లేదు, మూడో మనిషిని నేనే అని అక్కడికి పోయాక తెలిసింది.

మావాడు సెల్లు టార్చి వేసి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "ఏందిరా ఈ జీన్సు? పెండ్లికొస్తుండావా?"

వాడు పల్చటి నైలాన్ నిక్కరు, పాత చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో యూరియా గోతం ఒకటి, అడుగున తలకు, పక్కల చేతులకు కంతలు కోసింది. నాకు అది చూసి జాలేసింది. రెండు గంటల తర్వాత ఆ గోతం కోసం నా స్వెట్టరు, లైఫ్ జాకెట్టు రెండూ కలిపి ఇచ్చేసేవాణ్ణి. బూట్లు గట్టునే విప్పించారు. బోట్లో చెప్పులు కూడా ఉండవు, జారతాయి. వాంతుల మాత్ర జేబులోంచి తీసి వేసుకున్నాను. మావాణ్ణి అడిగితే అప్పుడు చెప్పాడు, అది బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలట.

ఇప్పుడు బోట్లను నీళ్లలోకి ట్రాక్టరే లాగుతుంది. దించడానికి 150, ఎక్కించడానికి 150. నేను ఇంకా పది మంది "ఐలేసా" అని తోస్తారనుకుంటున్నాను. ట్రాక్టరు అల అంచు దాకా తెచ్చి వదిలేసి పోయింది. అక్కడి నుంచి మా పని.

ఒడ్డు నుంచి సముద్రం చూసేవాళ్ళకు అలలన్నీ ఒకటే. నీళ్లలో నడుం లోతున బోటు అంచు పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. పెద్దవి మూడో నాలుగో ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఆ తర్వాత కాస్త సందు దొరుకుతుంది. మామ ఆ సందు కోసం చూస్తున్నాడు. వెన్నెల బాగానే ఉంది, పున్నమి పోయి ఆరు రోజులు. దూరంగా తెల్లటి గీత ఒకటి లేచి, దగ్గరికి వచ్చేకొద్దీ గోడంత అయ్యేది. అణియం, అంటే బోటు ముందు కొస, పైకి లేచి ధబ్బుమని పడేది. మూడుసార్లు అలా పడ్డాక మామ "పో!" అని అరిచాడు. తోశాం. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. మావాడు ఎట్లా ఎక్కాడో చూడలేదు, నేను మాత్రం వాళ్ళిద్దరూ లైఫ్ జాకెట్ పట్టీలు పట్టుకుని లాగితే బస్తా పడ్డట్టు బోట్లో పడ్డాను. ఆ జాకెట్టు ఆ రాత్రి పనికొచ్చింది అందుకే. ఇంజను అందుకుంది, నాలుగో అల మా కింద నుంచి పోయింది.

నేను ఎదురుచూడని సంగతి ఇక్కడ ఒకటి ఉంది. నీళ్లు చల్లగా లేవు. గోరువెచ్చగా, స్నానానికి తోడిపెట్టినట్టు ఉన్నాయి. చలికాలంలో గాలి కంటే సముద్రమే వెచ్చగా ఉంటుందని అంతకు ముందు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. చలి మొదలయ్యేది నీళ్లలోంచి బయటికి వచ్చాకే. టైము రెండూ పది. మెడ నుంచి మడమ దాకా తడిసి ఉన్నాను. జీన్సు మూడు కిలోల బరువై కాళ్లకు అతుక్కుంది. ఉన్ని స్వెట్టరు తడిసిన గొర్రె వాసన కొడుతూ నీళ్లు కారుస్తోంది. తిరిగి ఒడ్డుకు వచ్చేది పొద్దున తొమ్మిదింటికి. అంటే ఏడు గంటలు ఇట్లాగే. బయల్దేరిన ఐదు నిమిషాల్లోనే తడిసిపోతారు, ఆరేది ఇంటికొచ్చాకే. పోవాలనుకునే వాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. పల్చటి బట్ట కట్టుకోండి, పైన గాలి దూరని ప్లాస్టిక్ ఏదైనా వేసుకోండి.

యాభై నిమిషాలు తూర్పుకి పోయాం. ఈశాన్యం గాలి ఎడమ చెంప మీద కొడుతూనే ఉంది. దక్షిణాన దూరంగా నేలటూరు థర్మల్ పొగగొట్టాల ఎర్ర లైట్లు కనబడుతున్నాయి. వాటిని, సెల్లులో జీపీఎస్‌ను చూసుకుంటూ మావాడు నడుపుతున్నాడు. కాలేజీలో వాడు నోరు మూసుకుని ఉన్న రోజు లేదు. ఇప్పటికీ మా కొట్టుకొస్తే బేరాలు చెడిపోయేంత కబుర్లు చెబుతాడు. బోటెక్కిన దగ్గర్నుంచి పది మాటలు మాట్లాడలేదు. నాకు అది అలల కంటే కొత్తగా ఉంది.

ఒకచోట మామ సీసం గుండు కట్టిన తాడు వదిలి, చేతులు చాచి కొలిచి, "తొమ్మిది బారలు" అన్నాడు. అక్కడ వల. మావాడు బోటును అడ్డంగా మెల్లగా నడుపుతుంటే మామ వల వదులుతూ పోయాడు, బెండ్లు ఒకటొకటే నీళ్ల మీద వరస కట్టాయి. కొసన జెండా కర్ర, దానికి మిణుకు మిణుకుమనే చిన్న లైటు. వెన్నెల రాత్రి వలకు చేప తక్కువ పడుతుంది, దానికి వల కనబడుతుంది అని మామ సణుగుతూనే ఉన్నాడు. నాలుగింటికి ఆ పని అయింది. ఇంజను ఆపేశారు.

ఆపగానే నా పని మొదలైంది. బోటు పోతున్నంత సేపు కడుపు ఏదోలా నిలబడింది. ఆపాక అది ముందుకీ వెనక్కీ కాదు, పక్కలకు ఊగడం మొదలెట్టింది. పైన డీజిలు వాసన, కింద ఎరకు తెచ్చిన కవళ్ళ చేపల వాసన. పరోటా ముందు వచ్చింది. సేర్వా ముక్కులోంచి కూడా వచ్చింది. మైపాడు గేటు టీ ఆఖరున వచ్చింది. నాలుగుసార్లు అయ్యాక కడుపులో ఏమీ లేకపోయినా డోకు ఆగలేదు. మామ మాత్రం చలించలేదు. "కక్కబ్బయా, కక్కు. గట్టున కక్కితే నేల పాడవుద్ది, ఈడైతే చేపలకి మేత."

మావాడు నన్ను బోటు మధ్యలో కూర్చోబెట్టి, దూరంగా పడమటి వైపు ఉన్న ఎర్రటి పెద్ద చుక్కను చూపించి "దాన్నే చూడు, కిందికి చూడబాక" అన్నాడు. పని చేసింది. పూర్తిగా కాదు కానీ చేసింది. తర్వాత వాళ్ళ క్యారియర్ తీసి సద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు పెట్టారు. ఆ మాట వింటేనే తిప్పింది. బలవంతంగా నాలుగు ముద్దలు మింగాను. అవి నిలిచాయి. పరోటాను తోసేసిన కడుపు సద్దన్నాన్ని ఉంచుకుంది.

నాలుగు నుంచి ఆరు దాకా ఉన్న ఆ రెండు గంటల గురించి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. వల వేసినాక చేసేదేమీ లేదు. వేట అంటే ఏదో పని అనుకున్నాను, ఎక్కువ భాగం కాచుకోవడమే. చలి ఎక్కడి నుంచో వచ్చి పడేది కాదు, తడి బట్టలో నుంచి లోపలికి ఇంకేది. ముందు తొడలు మొద్దుబారాయి, తర్వాత కింది దవడ నా మాట వినడం మానేసింది. మామ గోతం తొడుక్కుని అణియం దగ్గర ముడుచుకుని గురక పెడుతున్నాడు. మావాడు అప్పుడప్పుడు రెండు చేతులూ సముద్రంలో ముంచి కూర్చునేవాడు. ఏం చేస్తున్నావురా అంటే "చేతులు కాచుకుంటుండా" అన్నాడు. నేనూ ముంచాను. నిజమే, మంట పెట్టుకున్నంత సుఖం. తీసిన మరుక్షణం రెండింతల చలి. మళ్ళీ ముంచడం. అదొక వ్యసనంలా అయింది. ఒంటికి పోవడానికి బోటు అంచున నిలబడి ఒక చేత్తో తాడు పట్టుకుని తడి జీన్సు జిప్పు ఇంకో చేత్తో లాగడం ఎంత కష్టమో మాత్రం వివరంగా రాయను.

అయిదు దాటాక ఒక భయం కూడా తగిలింది. ఉత్తరం నుంచి పెద్ద లైట్లతో ఒక సోనా బోటు, అంటే పెద్ద మర బోటు, మా వైపే వస్తోంది. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల అవి వేటాడకూడదు. మేము ఏడు దగ్గర ఉన్నాం. మా వల మీదుగా పోయిందంటే వల పోయినట్టే, మామ లేచి టార్చి ఊపుతూ నేనెప్పుడూ వినని బూతులు తిట్టాడు. అది కొంచెం వంగి మా జెండాకు వంద గజాల అవతల నుంచి పోయింది. అది లేపిన అలకు మేము పావుగంట ఊగాం. ఏ ఊరి బోటో చీకట్లో కనబడలేదు. "వల నలభై వేలు" అన్నాడు మావాడు, అంతే.

తూర్పు తెల్లబడుతుండగా వాడు నాకో గాలం ఇచ్చాడు. కర్రా చక్రమూ ఏమీ లేవు. చెక్కముక్కకు చుట్టిన నైలాన్ దారం, కొసన సీసం గుండు, కవళ్ళ ముక్క గుచ్చిన కొక్కెం. చూపుడు వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు, దారం కొయ్యకుండా. నేల తగిలేదాకా వదిలి, ఒక బార పైకి లాగి పట్టుకోవాలి. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి కాబట్టి చేప కొరికిందో, అల లాగిందో నాకు తెలియలేదు. పావుగంటకు ఒక చిన్న పార చేప వచ్చింది, అరచేయంత. నేను పెట్టిన కేకకు మామ ఉలిక్కిపడి లేచాడు. నలభై ఒకటో ఏట అట్లా అరవడం నాకే సిగ్గనిపించింది కానీ ఆగలేదు.

రెండోది జెల్ల. వాడు "పట్టుకోబాక!" అనే లోపలే నేను కొక్కెం తీద్దామని పట్టుకున్నాను. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్ళు. పక్క ముల్లు నా కుడి చేతి నడిమి వేలి కణుపులో దిగింది.

తేలు కుట్టడం నాకు తెలుసు. ఇది దాని చెల్లెలు కాదు, అక్క. వేలి నుంచి మణికట్టుకు, అక్కడ నుంచి మోచేతికి, చంకలోకి ఒక తీగ లాగినట్టు నొప్పి పాకింది. అంత చలిలో నుదుటి మీద చెమట పట్టింది. ఏడిచాను కూడా, దాచేదేముంది. మామ ముల్లు విరిగి లోపల ఉండిపోయిందేమో చూసి, ఉప్పునీళ్లు పోసి కడిగాడు. మావాడు ఫ్యాను కడ్డీని నీళ్ల మీదికి లేపి ఇంజను స్టార్టు చేశాడు. ఒడ్డుకు పోతున్నామనుకున్నాను. అది కాదు. పది నిమిషాలు ఊరికే తిప్పి, ఇంజను చల్లబడటానికి ఉండే తొట్టిలోంచి వేడి నీళ్లు డబ్బాతో తీశాడు. తన వేలు ముందు పెట్టి చూసుకుని, కొంచెం సముద్రపు నీళ్లు కలిపి, "పెట్టు" అన్నాడు. తట్టుకోగలిగినంత వేడి. పెట్టిన ఐదు నిమిషాలకు చంకలో నొప్పి దిగింది. చల్లారగానే మళ్ళీ కొత్త నీళ్లు. అరగంటలో నొప్పి వేలి దగ్గరికి వచ్చి ఆగింది. ఆ రాత్రి నా ఒంటికి తగిలిన అసలైన వెచ్చదనం అదే. సాయంత్రం డాక్టరు కూడా, అక్కడ చెయ్యాల్సింది అదే, ఆ విషానికి వేడి పనిచేస్తుంది అన్నాడు. అయినా మీరెవరూ నా లాగా చేప నోట్లో వేలు పెట్టకండి, కొక్కెం తీసే పని తెలిసినవాళ్ళకు వదిలేయండి.

ఆరూ నలభైకి పొద్దు పొడిచింది. ఆ ఎండ వీపుకు తగలగానే నిద్ర ముంచుకొచ్చింది. కానీ అప్పుడే వల లాగడం. నాది ఒక చెయ్యే పని చేస్తోంది కాబట్టి లాగిన వలను తొక్కి పట్టడం, ఐసు చల్లడం నా వంతు. కానాగంతలు వచ్చాయి, ఒక్కోచోట నాలుగైదు, ఒక్కోచోట పది బారల దాకా ఏమీ లేదు. మొప్పల దగ్గర ఇరుక్కున్న ప్రతి చేపనూ వల కన్ను తెగకుండా తప్పించాలి. నాకు ఒక్కదానికి రెండు నిమిషాలు పట్టింది, మామకు రెండు క్షణాలు. కొన్ని సావిడాయలు, కాసిని కవళ్ళు, రెండు పీతలు. ఆఖరి భాగంలో దారి తప్పి వల చుట్టుకున్న వంజరం ఒకటి. దాన్ని చూసి మావాడు నా మొహం చూశాడు.

గట్టుకు వచ్చేసరికి తొమ్మిదింబావు. దిగడం ఎక్కడం కంటే సులువు, అల వీపున ఎక్కి ఇసక మీద పడటమే. కాళ్లు ఇసక మీద పెట్టాక కూడా నేల ఊగుతూనే ఉంది, ఆ ఊగడం మర్నాడు మధ్యాహ్నం దాకా పోలేదు. బోటు ఆగిన చోటికి ఇరవై అడుగుల్లో ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది, కళ్ళు పోయి, పొట్ట ఉబ్బి. జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి, వచ్చే దారిలో పెద్ద బోట్ల వలల్లో పడి ఊపిరాడక చస్తాయి. మామ దాని డిప్ప మీద చెయ్యి పెట్టి కళ్ళకు అద్దుకున్నాడు. కుక్కలు కాచుకుని ఉన్నాయి.

గంపలు దించగానే వేలం పాట. అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఎనిమిది వారాలు నేను కాచుకున్నది, ఏడు గంటలు తడిసింది, ఆ ఐదు నిమిషాల కోసమే అని అప్పుడు తెలిసింది. కానాగంతలు 1,850. కలగలుపు గంప 700. వంజరం రెండు కిలోల మూడొందల గ్రాములు తూగింది, దాన్ని పాటకు పెట్టలేదు. వలకు అప్పిచ్చిన అక్క ఒకామె ఉంది, పెద్ద చేప పడితే ముందు ఆమెకే. ఆమె 1,300 అంది, మామ తలూపాడు. మొత్తం 3,850. డీజిలు పదిహేను లీటర్లు 1,455, ట్రాక్టరు 300, ఐసూ ఎరా 195. పోను 1,900. అందులో సగం బోటుకు, వలకు. మిగతా 950 మూడు భాగాలు.

"నాకెందుకురా" అన్నాను. "వల తొక్కినావు గదా" అని మూడొందలు చేతిలో పెట్టాడు. మిగతా పదహారు ఫోన్‌పేలో వేశాడు. అది కూడా నవ్వకుండా.

ఇంటికి ఉత్త చేతులతో పోవడం బాగుండదని, ఆ వంజరమే కావాలని అక్కను అడిగాను. 1,640 అంది. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు, "1,500కి ఇవ్వక్కా" అన్నాను. మావాడు రెండు చేతులతో మొహం కప్పుకుని ఇసకలో కూర్చున్నాడు. మనసులో లెక్క వేసుకుని "కిలోకి అరవై!" అని మామకు చెప్పాడు. మామకు ఆ కథ తెలిసినట్టుంది, దగ్గొచ్చేదాకా నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. 1,600కు ఇచ్చింది.

సాయంత్రం ఆస్పత్రిలో టీటీ సూది, ముల్లు ముక్క ఉందేమోనని ఎక్స్‌రే, ఐదు రోజులకు మందులు, అన్నీ కలిపి 980. ముక్క లేదు. వాపు తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. జాకెట్టు, స్వెట్టరు, మాత్రలు 38, పెట్రోలు 210, ఆస్పత్రి కలుపుకుంటే నాకు 2,828 ఖర్చు, చేప కాకుండా. సంపాదన 316. స్వెట్టరు మూడుసార్లు ఉతికినా వాసన పోలేదు, ఇప్పుడు కొట్లో గ్రీజు తుడుస్తున్నాం.

వంజరం పులుసు మా ఆవిడ ఆ రాత్రే మట్టి దాకలో పెట్టింది. జనవరిలో పచ్చి మామిడికాయ ఎక్కడ దొరుకుతుంది, పోయిన ఎండాకాలం ఎండబెట్టిన మామిడి ఒరుగులు వేసింది. మర్నాడు పొద్దున తిన్నాం, కట్టు కట్టిన చేత్తో కలుపుకోలేక నేను ఎడమ చేత్తో స్పూను పట్టుకున్నాను.

ఫిబ్రవరి 9 ఆదివారం మావాడు మళ్ళీ ఐస్ పెట్టెతో వచ్చాడు. వంజరమే, రెండున్నర కిలోలు. వరండాలో పెట్టె దించి, మూత తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పు. ఎంత?"

నాకు నోరు పెగల్లేదు. చేపను చూశాను, వాణ్ణి చూశాను.

మా ఆవిడ లోపల్నుంచి, "ఆరొందల యాభైకి అడగండి" అంది.